మంచం దిగని సెంట్రీ

కంభాలదిన్నె మాజీ సైనికుల వ్యసన విముక్తి కేంద్రానికి ప్రహరీ గోడ లేదు. ఉన్న గోడ కట్టిన ఏడాదే గాలివానకు పడిపోయింది. గేటొక్కటి నిలబడింది. గోడ లేని వైపు నుంచి ఊరి బర్రెలు ఇష్టమొచ్చినట్టు లోపలికొచ్చి, కల్నల్ గారి పూలకుండీలు మేసి, అదే దోవన బయటికి పోతుండేవి. అయినా అక్కడ చేరిన రోగి ఒక్కడు కూడా ఇన్నేళ్ళలో పారిపోలేదు. సాయంత్రం గేటు దాకా నడిచి, అక్కడొక సెల్యూట్ కొట్టి, గిర్రున వెనక్కి తిరిగి వచ్చి మంచమెక్కేవాడు.

మంచమంటే ఒక్కటే మంచం. ప్రభుత్వం వారు ప్రయోగాత్మకంగా ముందు ఒకటి మంజూరు చేశారు. దానికి కావలసిన సిబ్బందిని మాత్రం ప్రయోగాల జోలికి పోకుండా పూర్తిగా ఇచ్చారు. అధిపతిగా కల్నల్ చక్రపాణి గారు, ఒక డాక్టరమ్మ, ఒక హెడ్ క్లర్కు, నర్సు, వంటవాడు, జీపు, జీపుకు డ్రైవరు, డ్రైవరు రాని రోజున జీపును తుడిచే మనిషి. ఇంతమంది కలిసి ఒక తాగుబోతు చుట్టూ కూర్చుని వాడి మొహంలోకి చూస్తూ ఉంటే వాడు మానక ఏం చేస్తాడు? మానేవాడు. చిక్కల్లా మానిన తర్వాతే.

కల్నల్ గారు చేరిన రోజునే ఒక ఉత్తర్వు ఇచ్చారు. మద్యం శత్రువు. మంచం సరిహద్దు పోస్టు. మంచం మీద ఉన్నవాడు సెంట్రీ. సెంట్రీ అనేవాడు తన బదులు రిలీవరు వచ్చి నిలబడనిదే పోస్టు వదలకూడదు, వదిలితే వాడు సైన్యం వదిలి పారిపోయినవాడితో సమానం. కాబట్టి నయమైనవాడు ఇంటికి పోదలచుకుంటే అర్హత గల మరొక తాగుబోతు మాజీ సైనికుణ్ణి వెంటపెట్టుకు రావాలి, వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తాను దిగాలి. ఈ ఉత్తర్వు విని హెడ్ క్లర్కు శరభయ్య ఆనందంతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మంచం ఒక్క పూట ఖాళీగా కనబడినా దాన్ని పశువుల ఆసుపత్రికి బదలాయిస్తామని పైనుంచి అంతకు ముందే హెచ్చరిక వచ్చి ఉంది.

బయటివాళ్ళకు ఇది వింతగా తోచవచ్చు గాని, ఆ చుట్టుపక్కల ఊళ్ళ మనుషులకు తోచలేదు. ఇంటికొకడు చొప్పున పట్టాళానికి పోయివచ్చిన ఊళ్ళవి. మంచుకొండల్లో రిలీవరు దారి తప్పితే తెల్లవార్లూ తుపాకీ పట్టుకుని నిలబడినవాళ్ళు, పరుపు వేసిన మంచం మీద నిలబడలేరా? పద్ధతి సాఫీగా నడిచింది. నయమైన ప్రతివాడూ ఇంకొకణ్ణి తెచ్చాడు. తాగుబోతు జాడ తాగుబోతుకు తెలిసినట్టు ప్రభుత్వానికి తెలియదు గదా.

హవల్దార్ కాశీంవలీ తన వంతు వచ్చినప్పుడు తెచ్చింది నాయక్ యల్లమందను. మంచి రమ్ము ఉందని చెప్పి జీపెక్కించాడు. యల్లమంద సైన్యంలో కంచరగాడిదలను నడిపాడు. ఎత్తు కొండల మీదికి సరుకు మోసే కంచరగాడిదలు ఎంత మొండివో, పింఛను పుచ్చుకుని వచ్చాక అతని తాగుడు అంత మొండిది. అతన్ని కుట్టిన దోమ సరిగ్గా ఎగరలేక గోడకు కొట్టుకుని అక్కడే కూర్చుని పాట పాడేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే; దోమ పాడేది గాని, గోడకు కొట్టుకునేది కాదు.

చెయ్యి వణికేదన్నది మాత్రం నిజం. నీళ్ళ గ్లాసు ఎత్తితే సగం నీళ్ళు చొక్కా తాగేది. అతని భార్య వెంగమ్మకు ఒక కన్ను చిన్నప్పుడే కందికంప గుచ్చుకుని పోయింది. ఉన్న ఒక్క కంట్లో శుక్లం ముదురుతోంది. పట్నంలో కంటి డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు గాని, తర్వాత నెల పొడుగునా గంటగంటకూ కంట్లో చుక్కలు వెయ్యాలి, ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. పిల్లలు లేని ఇల్లు. ఉన్నది యల్లమంద. అంతకు ముందొకసారి కన్ను ఎర్రబడితే అతనే చుక్కల మందు వేశాడు. ఒక చుక్క చెవిలో, ఒక చుక్క ముక్కులో, మూడోది మంచం కింద పడుకున్న పిల్లి మీద పడ్డాయి. ఆ పిల్లికి చూపు బ్రహ్మాండంగా ఉండేది. వెంగమ్మ డాక్టరుతో ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచి వచ్చింది. మరీ ముదిరితే ఆపరేషన్ చేసినా లాభం ఉండదని డాక్టరు గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

అందుకే కాశీంవలీ జీపెక్కించినప్పుడు, రమ్ము లేదని తెలిసి కూడా యల్లమంద దూకెయ్యలేదు. మంచమెక్కాడు. ఒళ్ళంతా చీమలు పాకాయి, చచ్చిపోయిన కంచరగాడిదలు వరసగా వచ్చి పలకరించి పోయాయి, నర్సును సుబేదార్ అనుకుని రిపోర్టిచ్చాడు. ఒకనాటి పొద్దున డాక్టరమ్మ నీలవేణి గారు సూది, దారం చేతికిచ్చారు. యల్లమంద దారాన్ని ఒక్క ఊపులో సూదిలోకి ఎక్కించాడు. తనే నమ్మలేక దారం లాగేసి మళ్ళీ ఎక్కించాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా కేంద్రంలో ఉన్న సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, వంటవాడి చిరిగిన చొక్కా కూడా కుట్టిపెట్టాడు.

కల్నల్ గారు స్వయంగా వచ్చి భుజం తట్టారు. ఈ విజయం వ్యక్తిగతమైనది కాదనీ, సమష్టి వ్యూహాత్మక విజయమనీ, శత్రువును మూలాల నుంచి పెకలించామనీ చెప్పి, తరువాత అడిగారు.

"మీ రిలీవరు ఎక్కడ?"

అప్పుడు తెలిసింది అందరికీ. శత్రువును నిజంగానే మూలాల నుంచి పెకలించారు. ఆ చుట్టుపక్కల తాగే మాజీ సైనికుడంటూ ఇక ఒక్కడు కూడా మిగల్లేదు. యల్లమందే ఆఖరివాడు.

కేంద్రం పని మీద బయటికి పోయిన సెంట్రీ మంచం మీద ఉన్నట్టే శరభయ్య లెక్క గనక, రిలీవరును వెతుక్కోవడానికి అతనికి జీపు ఇచ్చారు, ఆకర్షణ నిమిత్తం సైనిక క్యాంటీను నుంచి ఒక సీసా ఇప్పించారు. యల్లమంద ఆ సీసాను చంకలో పెట్టుకుని ఊరూరూ తిరిగాడు. అతన్ని చూసి పాత నేస్తాలు తలుపులేసుకున్నారు. కాశీంవలీ అయితే గడ్డివాములో దూరి, కాళ్ళు బయటికి కనబడుతుండగా, తాను ఇంట్లో లేనని చెప్పాడు. యల్లమంద ఆ కాళ్ళ దగ్గర కూర్చుని తన గోడు చెప్పుకున్నాడు. ఒక్క వారం తాగి పెట్టమన్నాడు.

"మామా, నీకోసం ప్రాణమిమ్మంటే ఇస్తా. తాగమంటే మాత్రం నా వల్ల గాదు. మా ఇంటిది దస్తగిరమ్మ ఇప్పుడిప్పుడే నాతో మాట్టాడతా ఉండాది" అన్నాయి కాళ్ళు.

యల్లమంద లేచాడు. సీసా మూత కూడా తియ్యకుండానే తిరిగి వచ్చి మంచమెక్కాడు.

ఆదివారం వెంగమ్మ సద్ది కట్టుకుని వచ్చింది. తడుముకుంటూ, గోడ లేని వైపు నుంచే వచ్చింది. గేటు ఆమెకు కనబడలేదు. మొగుడు చెప్పిందంతా విని, చేత్తో గాలిలో చూపించింది.

"గోడ లేదు గదయ్యా. బర్రెలు పోతండాయి. నడిచి రా."

"పోస్టు వొదిలి రాలేనే."

వెంగమ్మ సద్ది మూట విప్పింది. పట్టాళపోడికి పెళ్ళామై ఇన్నేళ్ళయింది, ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదని ఆమెకు తెలుసు. అన్నం ముద్ద కలిపి అతని చేతికివ్వబోయి గాలిలోకి ఇచ్చింది. యల్లమంద చెయ్యి చాచి అందుకున్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు.

శరభయ్య మంచివాడే. మర్నాడు యల్లమందను పక్కకు పిలిచి ఒక ఉపాయం చెప్పాడు. యల్లమంద తానే ఒకసారి గట్టిగా తాగితే సరి. నయమైన యల్లమంద పోతున్నట్టు, తాగిన యల్లమంద వచ్చినట్టు లెక్క. కొత్తగా చేరినవాడికి కుటుంబ కార్యం నిమిత్తం సెలవు ఇచ్చే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. ఆ సెలవులో భార్యకు ఆపరేషన్ చేయించుకోవచ్చు. యల్లమంద చాలాసేపు ఆలోచించాడు. సీసా మంచం కిందే ఉంది. తర్వాత రెండు చేతులూ చాచి శరభయ్యకు చూపించాడు. తాగితే సెలవొస్తుంది గాని చేతులు పోతాయి, చేతులు లేకుండా సెలవెందుకు? శరభయ్య ఆ చేతుల వంక చూసి, ఈ దృష్టికోణం తమ శాఖ పరిశీలనకు ఇంతవరకూ రాలేదని ఒప్పుకున్నాడు.

ఈలోగా కల్నల్ గారు ఊరికే కూర్చోలేదు. రోగులు దొరక్కపోవడం విముక్తి కార్యక్రమానికి తీవ్ర విఘాతమని గుర్తించి, మూలకారణాన్ని కనిపెట్టారు. తాగడం తెలిసినవాళ్ళు లేకపోవడమే మూలకారణం. వెంటనే కేంద్రంలో పూర్వ వ్యసన శిక్షణా విభాగం తెరిచారు. అర్హత ఉండీ అలవాటు లేని మాజీ సైనికులకు సశాస్త్రీయంగా తాగడం నేర్పి, చికిత్సకు యోగ్యులుగా తీర్చిదిద్దడం దాని లక్ష్యం. ప్రారంభోత్సవంలో ఆయన అన్నారు. "వ్యసనం లేనిదే విముక్తి లేదు. విముక్తి కోరే జాతి ముందు వ్యసనానికి సంసిద్ధం కావాలి." కొబ్బరికాయ కొట్టారు. శిక్షకుడిగా, ఆ రంగంలో అపార అనుభవం గల యల్లమందను నియమించారు.

యల్లమంద చాలా నిష్ఠగా పాఠాలు చెప్పాడు. తాను గ్లాసులో బెల్లంనీళ్ళు పోసుకుని చేసి చూపించేవాడు. గ్లాసు ఎట్లా పట్టుకోవాలి, మొదటి గుక్క ఎట్లా మింగాలి, నంజుకోవడానికి ఏముండాలి, ఎన్నో గుక్క దగ్గర పాత అధికారులను తిట్టడం మొదలుపెట్టాలి, అంతా వరసగా నేర్పేవాడు. కాని శిష్యులు కుదరలేదు. సుబేదార్ ఇశ్రాయేలు చర్చి పెద్ద, పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడు. యల్లమంద మీద జాలితో వచ్చి చేరాడు. ప్రతి గుక్కకూ ముందు ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థన పూర్తయ్యేసరికి మందు ఆవిరైపోయేది. ఇంకొకాయన చక్కెర వేసి వేడి చేసి ఇమ్మన్నాడు. మరొకాయన వాసన చూసి నిద్రపోయి, భోజనం గంటకు లేచి, అన్నం తిని, ఇంటికి పోయాడు. పరీక్షలో డాక్టరమ్మ ఒక్కరిని కూడా పాస్ చెయ్యలేదు. రక్తంలో తగినంత మద్యం లేనివాణ్ణి మంచమెక్కిస్తే తన వృత్తికే అవమానమన్నారు. ఇశ్రాయేలు కన్నీళ్ళు పెట్టుకుని, వచ్చేసారి ఇంకా కష్టపడతానని మాటిచ్చాడు.

తనిఖీకి వచ్చిన పై అధికారి శిక్షణా విభాగాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఫలితాలు రాకపోయినా ప్రయత్నంలో పారదర్శకత ఉందని మెచ్చుకుని, ఇంకో పెట్టె సీసాలు మంజూరు చేసి వెళ్ళారు.

మరుసటి ఆదివారం వెంగమ్మ వచ్చినప్పుడు ఆమెను ఇశ్రాయేలు చెయ్యి పట్టుకుని తీసుకురావలసి వచ్చింది. దోవ కూడా మసకేసింది. యల్లమంద ఆమె కంటి లోపల తెల్లగా పేరుకున్నదాన్ని చూసి, ఇశ్రాయేలు దగ్గర నుంచి ఆమె చెయ్యి అందుకున్నాడు. వెంగమ్మ మాత్రం నింపాదిగా, అక్కడ శరభయ్య అనే ఆయన ఎవరని అడిగింది. శరభయ్య వచ్చాడు. తన మొగుడి కార్డు మీద తనకు మిలిటరీ ఆసుపత్రిలో బిళ్ళలు ఇస్తారు గదా, ఇక్కడ కూడా ఆ కార్డు చెల్లుతుందా అని అడిగింది. సైనికుడికి ఏ వైద్య సదుపాయమో ధర్మపత్నికీ అదే సదుపాయమని, ఇందులో తరతమ భేదం లేదని శరభయ్య గర్వంగా చెప్పాడు.

"అయితే నన్ను చేర్చుకో నాయనా. నేనూ తాగుతా" అంది వెంగమ్మ.

కల్నల్ గారికి కబురు వెళ్ళింది. ఆయన నిబంధనలు తెప్పించుకుని రెండు వైపులా చదివారు. అడ్డేమీ కనబడలేదు. అయితే డాక్టరమ్మ పరీక్ష ఉండనే ఉంది, దానికి ముందు శిక్షణ పూర్తిచెయ్యాలి. శిక్షకుడు యల్లమంద.

యల్లమంద సీసా మూత తీశాడు. కేంద్రం సిబ్బంది అంతా చుట్టూ నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆమె చేతికి చిక్కిన సీసా ప్రతిదీ గోడకు తగిలి పగిలింది; ఆ చేతికే ఇప్పుడు గ్లాసివ్వాలి. రమ్ము వాసన ముక్కు దాకా వచ్చింది, ముక్కు దాటి ఇంకా లోపలికి పోయి పాత గుమ్మాలన్నీ తట్టింది. అతను ఊపిరి బిగబట్టి పోశాడు. గ్లాసు అంచు దాకా పోసినా చుక్క ఒలకలేదు.

వెంగమ్మ ముక్కు మూసుకుని గటగటా తాగేసింది. ఆమె మొహం ముడుచుకుపోయి, మెల్లగా విప్పుకుంది.

"ఈ కంపు కోసమా అయ్యా," అంది, "ఇన్నేళ్ళూ నన్నట్టా ఏడిపించినావు?"

యల్లమంద ఖాళీ గ్లాసు పుచ్చుకుని తల వంచుకున్నాడు. కేంద్రం పెట్టిన నాటి నుంచి ఆ హాల్లో ఎన్నో ఉపన్యాసాలు జరిగాయి గాని, విన్నవాడు తల వంచుకోవడం సిబ్బంది చూడటం అదే మొదటిసారి.

ఇంకో గ్లాసు తర్వాత ఆమె కల్నల్ గారిని నువ్వు అనడం మొదలుపెట్టింది. పూలకుండీలను బర్రెలు మేస్తుంటే చూస్తూ కూర్చున్నావు, నువ్వేం మిలిటరీవని అడిగింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, అద్భుతమైన కేసన్నారు. యల్లమంద సెల్యూట్ కొట్టి మంచం దిగాడు. వెంగమ్మ మంచమెక్కింది. రిలీవరు దొరికింది.

ఇక కల్నల్ గారి బుర్ర తన పద్ధతిలో పనిచేసింది. సెంట్రీకి చూపు లేకపోతే పోస్టుకు ప్రమాదం. శత్రువు ఎదురుగా వచ్చినా కనబడడు. ఈ కన్ను ఇక వెంగమ్మ సొంత విషయం కాదు, కేంద్రం రక్షణకు సంబంధించిన విషయం. ఆ సాయంత్రమే ఉత్తర్వు, మర్నాడు పొద్దున్నే జీపు, జీపు వెనక నర్సు, నర్సు పక్కన ఆపరేషన్ అయ్యాక చుక్కలు వెయ్యడానికి సహాయకుడి హోదాలో యల్లమంద. పట్నంలో కంటి డాక్టరు, ఇంకొక వారం ఆలస్యమైతే తాను చేసేదేమీ ఉండేది కాదన్నాడు.

కట్టు విప్పి ఆమెను మళ్ళీ కేంద్రానికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఆమె కంటికి శ్రమ కలగకూడదని వంటవాడు పళ్ళెం మంచం దగ్గరికే తెచ్చాడు. కాఫీ నర్సు తెచ్చింది. తిన్న పళ్ళెం ఎవరో తీసుకుపోయి కడిగారు. పడుకోమన్నారు, లేవబోతే కసిరారు. వెంగమ్మ ఇశ్రాయేలు పెళ్ళానికి కబురంపింది, ఇక్కడ తాగితే కన్ను చేస్తారు, మోకాళ్ళు కూడా చేస్తారేమో అడుగుతానని.

అంతే. వారం తిరక్కుండా శిక్షణా విభాగం కిక్కిరిసిపోయింది. మాజీ సైనికుల భార్యలు సంచుల్లో చీరలు సర్దుకుని వరసగా వచ్చి కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నడుములవాళ్ళు, ఏ నొప్పీ లేకుండా ఒక్క పూట ఎవరైనా చేసిపెడితే తిందామని వచ్చినవాళ్ళు. ముక్కు మూసుకుని మింగడంలో వాళ్ళకు చిన్నప్పటి నుంచి అభ్యాసం ఉంది గనక యల్లమంద పాఠం అవసరమే రాలేదు. అందరూ మొదటి పరీక్షలోనే పాసయ్యారు. ఊళ్ళో వాళ్ళ మొగుళ్ళు పొయ్యి ఊదుతూ, ఉప్పెక్కడుందో కనుక్కోవడానికి కేంద్రానికి ఫోన్లు చేశారు.

కల్నల్ గారు పైకి నివేదిక పంపారు. వీరసైనికుల అర్ధాంగుల్లో ఇన్నేళ్ళుగా ఎవరి కంటా పడకుండా దాగిన మద్యపాన మహమ్మారిని తమ కేంద్రం వెలికితీసిందని రాశారు. పైనుంచి అభినందన వచ్చింది, ఆయనకొక శాలువా వచ్చింది, భవనానికి పై అంతస్తు మంజూరైంది. మంచాలు మాత్రం పరిశీలనలో ఉన్నాయన్నారు.

యల్లమంద గంటగంటకూ చుక్కలు వేశాడు. కింది రెప్పను బొటనవేలితో లాగి, సీసాను పైన నిలిపి, ఒక్కటంటే ఒక్క చుక్క వదిలేవాడు. అది కంట్లోనే పడేది. ఇశ్రాయేలు అది చూడటానికి పనిగట్టుకుని వచ్చేవాడు. చుక్కల నెల ముగిసిన రోజున వెంగమ్మ కన్ను తెరిచి మొగుడి మొహాన్ని చాలాసేపు చూసింది. స్పష్టంగా చూసి ఏళ్ళయింది.

"ఇంత ముసిలోడివి ఎప్పుడైనావయ్యా" అంది.

"నువ్వు చూడనప్పుడు" అన్నాడు యల్లమంద.

అప్పటికే మంచం కాళ్ళ దగ్గర కాశీంవలీ భార్య దస్తగిరమ్మ సంచితో నిలబడి ఉంది. పరీక్షకు వచ్చినవాళ్ళందరిలో మొదటి స్థానం ఆమెదే, కొంచెం తూలుతోంది కూడా. వెంగమ్మ దిగడానికి తొందరపడలేదు. ఇంటికి పోతే పొద్దున కాఫీ ఎవరు పెడతారని మొగుణ్ణి అడిగింది. తానేనన్నాడు. పళ్ళాలెవరు కడుగుతారంది. తానేనన్నాడు. ఆమె అతని చేతులను తిప్పి చూసి, కాళ్ళు కింద పెట్టింది. కల్నల్ గారు వచ్చి నిలబడ్డారు. సెంట్రీ మారేటప్పుడు పాత సెంట్రీ కొత్త సెంట్రీకి పోస్టు సంగతులన్నీ అప్పజెప్పాలి, అది నియమం.

"ఈడ నేనేం చెయ్యాలొదినా?" అని దస్తగిరమ్మ అడిగింది.

"ఏం చెయ్యబాక," అంది వెంగమ్మ. "ఈడ పనంతా అదే."

దస్తగిరమ్మ మంచం మీద కూర్చుంది. కాసేపు ఖాళీ చేతుల వంక చూసుకుంది. తర్వాత లేచి దుప్పటి దులపబోయింది. నర్సు వచ్చి పడుకోమని కసిరింది. రమ్ము తాగడం ఒక్క పూటలో నేర్చుకున్న మనిషి, ఊరికే కూర్చోవడం నేర్చుకునేసరికి ఆ నెలంతా పట్టింది.